తాళమేసిన బీరువాలో బొట్టు

"దారమేదక్కా?" అంది నవ్యశ్రీ.

నేలమాళిగ గదిలోకి ఒక్క అడుగు వేసి ఆగిపోయింది ఆమె. జర్మనీలో, జిండెల్ఫింగెన్‌లోని ఆ నాలుగంతస్తుల ఇంట్లో ఒక్కో వాటాకి కింద ఒక్కో కెల్లర్ గది ఉంది. ఇది ఆమె భర్త సందీప్ వాడుకునేది. గోడకి ఆనించిన చెక్కబల్ల, బల్ల అంచుకి బోల్టులతో బిగించిన ఇనప ప్రెస్సు, దాని పక్కన చిన్న తూకం, మూలన ఉక్కు బీరువా. ప్రెస్సుకీ తూకానికీ బీరువా తలుపుకీ కూడా పసుపు మీద పెట్టిన కుంకుమ బొట్లు ఎండిపోయి ఉన్నాయి. దసరా నాడు నవ్యశ్రీ చేసిన ఆయుధపూజ తాలూకు బొట్లవి.

"ఏం దారమమ్మా?" అడిగింది దేవకుమారి.

"ప్రెస్సు పిడికి కట్టిన పసుపు దారం. పూజ చేసి నేనే కట్టిన. ఇప్పుడు లేదు."

దేవకుమారి వెనక్కి తిరిగి రోహిత్ వైపు చూసింది. రోహిత్ తన తోలు సంచీ జిప్పు మీద చాలా శ్రద్ధ పెట్టాడు.

"రోహిత్, దారం ఏమైంది?"

"అదా మేడమ్... మొన్న సోమవారం ఫొటోలు తీసేటప్పుడు అడ్డమొచ్చింది. మెషీన్ నంబర్ కనపడాలె కదా. కట్ చేసిన."

"కత్తిరించి ఏం చేశావు?"

"రెస్ట్‌మ్యుల్ చెత్తడబ్బాల వేసిన. నిన్ననే చెత్తబండి పట్కపోయింది. దారమే కదా మేడమ్, లైట్ తీస్కోండి."

దేవకుమారి గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచనప్పుడే జాగ్రత్తగా ఉండాలని రోహిత్‌కి తెలియాలి. స్టుట్‌గార్ట్‌లో ఆమె డిటెక్టివ్ ఆఫీసులోనే పని నేర్చుకుని, ఆమె దగ్గర నేర్చుకున్నదంతా ఇన్సూరెన్సు కంపెనీలకి అమ్ముకోవడం మొదలుపెట్టినవాడు అతను. నేర్చుకోని సంగతొకటి మిగిలిపోయినట్టుంది. ఉన్న వస్తువుని ఉన్నచోట ఉంచాలన్నది మొదటి పాఠం. అది చెప్పిన రోజు ఇతగాడు సెలవు పెట్టాడు కాబోలు అనుకుని, కడుపులో మంట కడుపులోనే అణుచుకుంది.

జరిగింది ఇంతే. శనివారం పొద్దున షూటింగ్ క్లబ్బు పోటీలో సందీప్ చేతిలోని రైఫిలు పేలి ముక్కలయింది. కుడిచెయ్యి నుజ్జయింది, కుడికన్ను దక్కుతుందో లేదో ఇంకా తెలియదు. ఈ ప్రెస్సు మీద తూటాలు ఇంట్లో తనే నింపుకోవడం అతనికి కొత్తగా పట్టుకున్న సరదా. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, నాలుగు నెలల కిందట మొదలుపెట్టాడు. క్లబ్బుకి ఇన్సూరెన్సు ఇచ్చిన కంపెనీ రోహిత్‌ని పంపింది. రోహిత్ రెండు రోజుల్లో తేల్చేశాడు: కొత్తవాడు, ఒక తుపాకిమందు బదులు ఇంకో మందు పోసుకున్నాడు, స్వయంకృతం. ఆ నివేదిక మీద సాయంత్రం పోలీసులు సంతకం పెడితే కేసు మూసేస్తారు. తన మొగుడు అంత అజాగ్రత్త మనిషి కాడని నవ్యశ్రీ దేవకుమారి దగ్గరికి వచ్చింది.

గుమ్మం బయట మెట్ల మీద ఒక పోలీసావిడ కూర్చుని ఉంది. సీలు తీసింది ఆవిడే. నాలుగింటికి వ్యాను వచ్చి ఈ సామానంతా తీసుకుపోతుంది. ఆ లోగా చూసుకోవలసింది చూసుకోమని, వాచీ చూసుకుంటూ చెప్పింది.

"ఆస్పత్రిలో ఎవరున్నారు నవ్యా?"

"కనకయ్యన్న కూసున్నడు. పొద్దున్నే ఐసీయూ నుంచి రూముకు మార్చిన్రు. మత్తు తగ్గిస్తున్నరు, సాయంత్రానికల్లా మాట్లాడొచ్చన్నరు డాక్టర్లు. నేను పొద్దటి నుంచి ఆడనే ఉన్న. నువ్వు ఇంటికి పో చెల్లె, నేను చూసుకుంట అన్నడు."

కనకయ్య అంటే సందీప్ టీమ్ లీడు. కార్ల బ్రేకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే చిన్న కంపెనీలో ఇద్దరూ పనిచేస్తారు. ఆయన పెద్దపల్లి మనిషి, వయసులో పెద్ద. సందీప్‌ని క్లబ్బులో చేర్పించిందీ ఆయనే. ఈ నాలుగు రోజులూ వంట చేసి పట్టుకొచ్చిందీ, ఆస్పత్రి కాగితాలు నింపిందీ కూడా ఆయనే అని నవ్యశ్రీ దారంతా చెబుతూనే వచ్చింది. పరాయి దేశంలో అలాంటివాళ్ళు ఒకరైనా ఉండాలి అనుకుంది దేవకుమారి.

"సరే. రోహిత్, నువ్వు ఈ గదిలో అడుగుపెట్టగానే ముందు గుమ్మంలోంచి మొత్తం గదికి ఒక ఫొటో తీసి ఉంటావు. అదైనా నా దగ్గర నేర్చుకున్నావు. చూపించు."

"అది కంపెనీ ప్రాపర్టీ మేడమ్."

"పోలీసులు సీలు వేసిన గదిలో వస్తువు కత్తిరించి చెత్తలో పడేసిన సంగతి బయట కూర్చున్నావిడకి జర్మన్‌లో చెప్పనా? నా జర్మన్ బాగానే ఉంటుంది. నీకు తెలుసు."

రోహిత్ పెదాలు బిగించి ఫోను తీశాడు. ఫొటో వెతికి, ఆమె చేతికివ్వకుండా దూరం నుంచే చూపించాడు. దేవకుమారి ఫోను లాక్కుని నవ్యశ్రీ ముందు పెట్టింది.

ఫొటోలో ప్రెస్సు ఉంది. దాని పొడుగాటి పిడిని కింది చట్రానికి కలిపి పసుపు దారం మూడు చుట్లు చుట్టి ఉంది. ముడి దగ్గర పసుపు కొమ్ము, వాడిపోయిన తమలపాకు.

"ఇది నువ్వు కట్టినదేనా? బాగా చూసి చెప్పు."

"నా ముడే అక్క. మా నాయినకు కరీంనగర్‌ల లేత్ వర్క్‌షాపుండె. దసరాకు లేత్ మిషన్‌కు ఇట్లనే కట్టేటోడు. కొమ్ము మధ్యల పెట్టి ముడేస్తం."

"కట్టాక పిడి కదులుతుందా?"

"ఎట్ల కదుల్తది? కదలొద్దనే కడ్తం. ఉద్వాసన చెప్పేదాక పనిముట్టు పని చెయ్యొద్దు."

దేవకుమారి కాకినాడ చర్చి వీధిలో పుట్టి పెరిగిన మనిషి. ఆయుధపూజ ఆమెకి చూసిన సంగతే గాని చేసిన సంగతి కాదు. కాబట్టి తెలిసినట్టు నటించకుండా అడిగింది.

"ఉద్వాసన ఎప్పుడు చెబుతారమ్మా?"

"తెల్లారి చెప్తం. దారం విప్పుతం. కానీ..." నవ్యశ్రీ ఆగిపోయింది.

"కానీ?"

"మేం చెప్పలే."

"ఎందుకని?"

నవ్యశ్రీ తల దించుకుంది. చేతిలోని తన ఫోను అంచుని గోటితో గీకుతూ నిలబడింది. రోహిత్ వాచీ చూసుకున్నాడు. అతని వాచీ లాగి గోడకేసి కొట్టాలనిపించింది దేవకుమారికి.

"గురువారం, దసరా పొద్దుమీకి ఫోనొచ్చింది. సందీప్ వాళ్ళ పాలోళ్ళ పెద్దనాయిన పోయిండు. మైల. పదకొండు రోజులు దేవుని దీపం ముట్టొద్దు, ఇగ ఉద్వాసన ఎట్ల చెప్త? శుక్రవారం సెలవు కదా, సందీప్ కిందికొచ్చి, నవ్యా, రేపు పోటీ ఉంది, ఒక్క తూటా కూడ తయారుగ లేదు, దారం విప్పు అన్నడు. నేను విప్పనన్న. మా నాయిన ఉంటె ముట్టనిస్తుండెనా అన్న. కొట్లాడినం. ఆఖరికి సరే తియ్, ఎవరన్న ఇస్తరు, అడుగుత అని పోయిండు."

ఆమె ప్రెస్సు పిడి వైపు చెయ్యి చూపించింది. "నేను ఆ రోజు దారం విప్పితే ఆయన తూటాలు ఆయనే చేస్కుంటుండె. నా వల్లనే కదక్కా. గా దారం వల్లనే కదా."

దేవకుమారికి ఒళ్ళు మండింది. ఈ పిల్ల మీద కాదు. ఈ పిల్ల గుండెలో నాలుగు రోజులుగా ఈ మాట కుళ్ళుతుంటే, ఎవరూ ఒక్క ప్రశ్న అడగకుండా 'స్వయంకృతం' అని రాసిపారేసిన పెద్దమనిషి మీద.

"విన్నావా రోహిత్? నీ రిపోర్టులో ఏం రాశావు? శుక్రవారం సాయంత్రం సందీప్ ఈ ప్రెస్సు మీదే తూటాలు నింపుకున్నాడని కదా? సోమవారం నువ్వు తీసిన ఫొటోలో ప్రెస్సు కాళ్ళూ చేతులూ కట్టేసి ఉంది. ఎలా నింపాడయ్యా? నోటితో ఊదాడా?"

"దసరా ముందే నింపి పెట్టుకోవచ్చు కదా."

"పూజకి ముందు రోజు బల్లంతా కడిగి ఖాళీ చేశామని దారిలోనే చెప్పింది. ఒక్కటీ లేదంటోంది."

"ఆమె భార్య మేడమ్. అట్లనే చెప్తది."

"మరి శుక్రవారం నింపాడని నీకెవరు చెప్పారు?"

రోహిత్ ఒక్క క్షణం తడబడ్డాడు. "సాక్షి ఉన్నడు. సందీపే ఆయనతోని చెప్పిండంట, నిన్న పొద్దుమీకి కొత్త మందుతో నింపిన అని."

"సాక్షి పేరు?"

"చెప్పరాదు. డాటెన్‌షుట్స్, గోప్యత చట్టం."

"పూజ దారాన్ని చెత్తబుట్టలో పడేసినప్పుడు గుర్తురాని చట్టాలన్నీ ఇప్పుడు గుర్తొస్తున్నాయే!"

"మేడమ్, మీరు ఎమోషనల్ అయితున్నరు. నేను ఎవిడెన్స్ మాట్లాడ్త." రోహిత్ కూడా వేడెక్కాడు. బల్ల దగ్గరికి వచ్చి ప్రెస్సు మీద చెయ్యి వేశాడు. "చూడండి. బిగినర్ సెట్. ఉన్నదాన్ల చవకది. ఒక్కటే స్టేషన్. తూకం చూడండి, బ్యాటరీ కూడ లేదు, మా తాత బంగారం దుకాణంల ఉండె ఇట్లాంటిది. ఇట్లాంటి సామాను కొన్నోడు పొరపాటు చెయ్యకుంటే ఆశ్చర్యం."

అప్పటిదాకా అణుచుకున్నదంతా దేవకుమారికి నోట్లోకి వచ్చేసింది.

"చెయ్యి తియ్యి దాని మీంచి! నీకు ఈ సామాను గురించి ఏం తెలుసు? నిన్న నేను ఇవి అమ్మే కొట్టుకి వెళ్ళి రెండు గంటలు కూర్చున్నాను. కొట్టువాడికి సందీప్ బాగా గుర్తున్నాడు. ఎందుకో తెలుసా? పెళ్ళిచూపులకి వచ్చినట్టు నాలుగుసార్లు వచ్చి, చూసి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడట. ఐదోసారి కొన్నాడు. పిడి ఒక్కసారి లాగితే అన్ని పనులూ తనే చేసేసి తూటా బయటికి తోసే మిషన్లు ఉన్నాయి. అవి చూపిస్తే వద్దన్నాడట. తొందరగా అయ్యే మిషన్ నేర్చుకునేవాడికి పనికిరాదు, తప్పు జరిగినా కంటికి కనపడదు అన్నాడట. అందుకే ఇది కొన్నాడు. ఒక్కసారి లాగితే ఒక్క తూటాకి ఒక్క పని. చూసుకుంటూ, తడుముకుంటూ చేసుకోవాలి. ఈ తూకం కూడా అంతే. బ్యాటరీ తూకం వేడికీ చలికీ తప్పు చూపిస్తుందేమోనని భయపడి ముల్లు తూకం కొన్నాడు. ఇది చవక సామాను కాదు, ఓపికున్నవాడి సామాను. ఇంత భయస్థుడు ఒక మందు బదులు ఇంకో మందు పోసుకుంటాడా?"

"మరి రెండో మందు ఆయన బీరువాల ఎట్లొచ్చింది?" అన్నాడు రోహిత్. అతని కళ్ళలో గెలుపు కనిపించింది. "అదే కదా మేడమ్ అసలు పాయింట్. పేలిన రైఫిల్ల దొరికిన మందు, బీరువాల ఉన్న డబ్బాలది, రెండూ ఒక్కటేనని ల్యాబ్ చెప్పింది. ఆ రైఫిల్‌కు పనికిరాని మందు అది. బీరువా తాళం పగల్లేదు. తాళంచెవి సందీప్ దగ్గర తప్ప ఎవ్వరి దగ్గర లేదు. చట్టం ప్రకారం ఉండొద్దు. మీరు దారం కథ ఎంతైనా చెప్పండి, డబ్బా ఎట్లొచ్చిందో చెప్పండి ముందు."

అది నిజంగానే గట్టి ప్రశ్న. దేవకుమారి నవ్యశ్రీ వైపు తిరిగింది.

"పోటీకి వెళ్ళినప్పుడు తాళంచెవులు ఎక్కడున్నాయమ్మా?"

"ఆయన బ్యాగుల. ఇంటి తాళం, కెల్లర్ది, బీరువాది అన్నీ ఒక్క గుత్తే."

"ఆ బ్యాగు నీకెప్పుడు చేరింది?"

"ఆదివారం పొద్దున. ఆస్పత్రి రిసెప్షన్ల పెట్టిపోయిన్రు, క్లబ్బోళ్ళు ఎవరో. నేను శనివారం అంతా ఆడనే ఉన్న, ఇంటికి రాలే."

అంటే శనివారం పొద్దున నుంచి ఆదివారం దాకా తాళాలు బయట తిరిగాయి. ఇల్లు ఖాళీ. పోలీసులు వచ్చి సీలు వేసింది ఆదివారం మధ్యాహ్నం. దేవకుమారి రోహిత్ వంక చూసింది. ఈ ప్రశ్న అతను అడగలేదని అతని మొహమే చెప్పింది.

"బీరువా తెరువు. గ్లవ్స్ వేసుకో. డబ్బా మీద ఎక్కడా రుద్దకు, అంచులు పట్టుకో."

"మేడమ్, నేను మీ అసిస్టెంట్‌ని కాదు ఇప్పుడు."

"తెలుసు. అసిస్టెంటువైతే ఈపాటికి ఇంటికి పంపేదాన్ని. తెరువు."

రోహిత్ గొణుక్కుంటూ గ్లవ్స్ వేసుకుని, పోలీసావిడ ఇచ్చిన తాళంచెవితో బీరువా తెరిచాడు. బీరువాలో రెండు అరలు. పై అరలో ముందుగా, ఎర్ర మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి. దాదాపు నిండుగా ఉంది. దాని మీద మధ్యలో గుండ్రంగా ఒక బొట్టు.

"ఇదే," అన్నాడు రోహిత్. "చూడండి, దీనికి కూడ బొట్టు పెట్టిన్రు. దసరా నాటికే ఇది ఈ ఇంట్ల ఉందని దీనితోనే తెలుస్తుంది. మీ పూజే నాకు సాక్ష్యం మేడమ్."

నవ్యశ్రీ ముందుకు వచ్చింది. డబ్బాని చూసింది. బీరువా తలుపుని చూసింది. మళ్ళీ డబ్బాని చూసింది.

"ఇది నేను పెట్టలే."

"గుర్తుండకపోవచ్చు," అన్నాడు రోహిత్.

"గుర్తుండకపోవుడేంది? బీరువా తాళం నాకియ్యడు ఆయన. నాకు లైసెన్సు లేదు, నేను ముట్టొద్దు. పూజప్పుడు కూడ తెరవలే. అందుకే తలుపుకు బయట పెట్టిన బొట్టు. లోపలి డబ్బాకు నేనెట్ల పెడ్త?"

దేవకుమారి డబ్బా దగ్గరికి వంగింది. "సందీప్ పెట్టి ఉంటాడా?"

"ఆయన బొట్లు పెట్టే మనిషేనా? నేను పూజ చేస్తుంటె కొబ్బరికాయ కొట్టుడు ఒక్కటే ఆయన పని."

"రోహిత్, వెనక ఏముంది? ఆ అట్టపెట్టెలో?"

రోహిత్ అట్టపెట్టె మూత ఎత్తాడు. లోపల ఇంకో డబ్బా ఉంది. సగం పైగా వాడింది. ఇది సందీప్ రోజూ వాడే అసలు మందు. దాని మీద బొట్టు లేదు, పసుపూ లేదు, ఏమీ లేదు.

మెట్ల మీద పోలీసావిడ దగ్గింది.

"ఇప్పుడు నీ ఎవిడెన్సు మాట్లాడు," అంది దేవకుమారి. "తను రోజూ వాడుకునే మందుకి బొట్టు పెట్టనివాడు, పనికిరాని మందుకి పెట్టాడా? ఈ డబ్బా తర్వాత తెచ్చి పెట్టారు. తెచ్చినవాడు బల్ల మీద చూశాడు, ప్రెస్సుకి బొట్టు, తూకానికి బొట్టు, తలుపుకి బొట్టు. దీనికొక్కదానికీ లేకపోతే కొత్తగా తెచ్చినట్టు తెలిసిపోతుందని దీనికీ పెట్టాడు. వెనక పెట్టెలో ఇంకోటి ఉందని చూసుకోలేదు. ఈ ఊళ్ళో జర్మన్‌వాడెవడికైనా ఈ ఆలోచన వస్తుందా? మనవాడే."

రోహిత్ డబ్బాని వెలుతురులోకి వంచాడు. మొదటిసారి అతను పరిశోధకుడిలా కనిపించాడు.

"మేడమ్, దీని కింద పసుపు లేదు. మిగతా వాటికి ఉంది."

"అది కుంకుమ కూడ కాదన్నా," అంది నవ్యశ్రీ. వంగి దగ్గరగా చూసింది. "చూడండి, నారింజ రంగు. కుంకుమ పొడి అయితె ప్లాస్టిక్ మీద నిలవది, రాలిపోతది. ఇది జిడ్డుగ అంటుకున్నది. నూనెల కలిపిన సింధూరం. ఆంజనేయస్వామి గుళ్ళ ఇస్తరు కదా, గది. మా ఇంట్ల లేదు."

"ఎవరింట్లో ఉంటుంది నవ్యా? నీకు తెలిసినవాళ్ళలో ఇది దగ్గర పెట్టుకునేవాళ్ళు ఎవరు?"

నవ్యశ్రీ ఆలోచనలో పడింది. దేవకుమారి ఇంకో ప్రశ్న వేసింది.

"సందీప్‌కి ఆఫీసులో ఎవరితోనైనా గొడవా?"

"గొడవంటె... మొన్న సోమవారానికి హెడ్డాఫీసుల పెద్దోళ్ళను కలిసేటందుకు టెర్మిన్ తీస్కున్నడు. ఏవో బ్రేకు టెస్టులు చెయ్యకుండనే చేసినట్టు సంతకాలు పెట్టిన్రంట. చెప్తె ఒకరి ఉద్యోగం పోతది, జైలు కూడ అయితదేమో, కానీ చెప్పకుంటె రోడ్డు మీద మనుషులు పోతరు అన్నడు. ఎవరని అడిగితె చెప్పలే. చెప్తె నువ్వు బాధపడ్తవు అన్నడు."

నువ్వు బాధపడతావు. అంటే నవ్యశ్రీకి కావలసినవాడు. దేవకుమారి ఆ మాట పూర్తిగా అనుకునే లోపలే నవ్యశ్రీ చేతిలో ఫోను టింగుమంది.

"కనకయ్యన్న మెసేజ్. సందీప్ ఫొటో పెట్టిండు." ఆమె మొహం ఒక్కసారి విప్పారింది. "కండ్లు తెరుస్తున్నడంట!" అంటూ చదవసాగింది. "కదుల్తున్నడు చెల్లె. నా పేరే పలికిండు. నువ్వు తొందరపడి రాకు, మంచిగ పండుకో. స్వామి బొట్టు పెట్టిన, నేనున్న..."

చదువుతున్న గొంతు మధ్యలో తెగిపోయింది.

"మైలల ఉన్నోనికి దేవుని బొట్టు పెట్టిండేంది?" అంది మెల్లిగా. తర్వాత ఫొటో మీద వేళ్ళు పెట్టి పెద్దది చేసింది. ఆ వేళ్ళు అక్కడే బిగుసుకుపోయాయి.

దేవకుమారి ఫోను అందుకుంది. తెల్లటి దిండు, కుడికన్ను మీద కట్టు, వాచిపోయిన చెంప. కట్టుకి పైన ఖాళీగా ఉన్న నుదుటి మీద గుండ్రంగా, జిడ్డుగా మెరుస్తున్న నారింజరంగు బొట్టు. ఫోనుని డబ్బా పక్కన పెట్టింది. అదే రంగు, అదే సైజు. ఒకే వేలు.

"కొండగట్టు సింధూరం," అంది నవ్యశ్రీ. "చిన్న డబ్బీల పెట్టుకుంటడు అన్న. జేబుల ఎప్పుడూ ఉంటది."

దేవకుమారి రోహిత్ వైపు తిరిగింది. "నీ సాక్షి పేరు ఇప్పుడైనా చెబుతావా?"

రోహిత్ మొహంలో నెత్తురు లేదు. "కనకయ్య సారే మేడమ్. శుక్రవారం నింపిండని చెప్పింది ఆయనే. ఆదివారం బ్యాగు రిసెప్షన్ల ఇచ్చింది కూడ ఆయనేనని చెప్పిండు. నేనే... సాయం చేస్తున్నడు కదా అనుకున్న."

"తూటాలు ఇచ్చిందీ ఆయనే. ఇంకొకరు నింపిన తూటా కాల్చకూడదన్నది క్లబ్బు నియమం, అందుకే ఎవరిచ్చారో సందీప్ ఎవరికీ చెప్పలేదు. మైల సంగతి కనకయ్యకి తెలియదు, తెలిస్తే ఇప్పుడా బొట్టు పెట్టేవాడు కాదు; మర్నాడే దారం విప్పేసి ఉంటారనుకుని శుక్రవారం కథ ముందే అల్లి పెట్టుకున్నాడు. శనివారం బ్యాగులోని తాళాలతో ఇక్కడికొచ్చి చూస్తే దారం అలాగే ఉంది. తెంపేస్తే సరిపోయేది. కానీ తెంపలేదు. మనిషి చేతికి చావునిచ్చి పంపినవాడికి పూజ చేసి కట్టిన దారం తెంపడానికి చెయ్యి రాలేదు!" ఆమె గొంతు ఈసారి పెరిగింది, గది గోడలకి తగిలి మోగింది. "ఆ పాపం నువ్వు చేశావు, కత్తెర పెట్టి! నవ్యా, విన్నావా? నీ దారం మీ ఆయనకి ఏ కీడూ చెయ్యలేదు. ఆ మనిషిని పట్టించింది నీ దారమే. ఏడవకు ఇప్పుడు. ఆస్పత్రి వార్డు నంబరు తియ్యి."

దేవకుమారి తన ఫోను నవ్యశ్రీకిచ్చి, ఆమె నంబరు నొక్కే లోపల మెట్ల మీదికి దూకినంత పని చేసింది. పోలీసావిడకి జర్మన్‌లో రెండు వాక్యాల్లో చెప్పింది. ఆవిడ మొదట కనుబొమ్మలు ఎగరేసింది. ఆధారం ఏమిటంది. దేవకుమారి ఆవిడ మొహం ముందు ఫొటో ఉన్న నవ్యశ్రీ ఫోనూ, డబ్బా పట్టుకున్న రోహిత్ చెయ్యీ కలిపి పెట్టి, ఆ పేషెంటుకి ఏమైనా అయితే ఈ ప్రశ్న మీరు మళ్ళీ కోర్టులో వేసుకోవాలంది. ఆవిడ లేచి నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడడం మొదలుపెట్టింది.

"రోహిత్, కారు తియ్యి. ఆ డబ్బా ఈవిడకి అప్పగించి రా. పరుగెత్తు!"

ఈసారి రోహిత్ తను ఎవరి అసిస్టెంటో గుర్తుచేయలేదు.

వార్డులో నర్సు ఫోను ఎత్తింది. దేవకుమారి స్పీకరు పెట్టి, గదిలో పేషెంటు దగ్గర ఎవరున్నారని అడిగింది.

"ఆయన అన్నగారు ఉన్నారు. చాలా మంచాయన, మాకందరికీ స్వీట్లు కూడా తెచ్చారు," అంది నర్సు. "ఇప్పుడు ప్రార్థన చేసుకుంటున్నారు. అరగంట ఎవరూ రావద్దన్నారు. మేము అడ్డు చెప్పం, అది వాళ్ళ మతం."

"అన్న కాదు! అసలు చుట్టమే కాదు! వెంటనే లోపలికి వెళ్ళండి. పోలీసులు వస్తున్నారు. ఆయన్ని పేషెంటు నుంచి దూరంగా జరపండి. వెళ్ళండమ్మా, ఫోను పెట్టకండి!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. వరండాలో గబగబా నడక. నవ్యశ్రీ దేవకుమారి మోచేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఫోనులోంచి తలుపు తట్టిన శబ్దం వినిపించింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. తర్వాత పిడి తిప్పిన శబ్దం.

"హలో?" అంది నర్సు. ఆమె గొంతులో ఇందాకటి మర్యాద లేదు. "ఈ తలుపులకి మేము తాళాలు పెట్టం. కానీ ఇది తెరుచుకోవడం లేదు. లోపలి నుంచి మంచం అడ్డంగా జరిపినట్టున్నారు."